పదిహేను అంకెలు

లడ్డూ పోయిన రోజు ఫిల్మ్‌నగర్‌లో ఒక షూటింగు ఆలస్యంగా మొదలైంది. ఉదయం ఆరింటికల్లా లొకేషన్‌లో ఉండి, జూనియర్ ఆర్టిస్టుల లెక్క నుంచి హీరో కారవాన్ దాకా అన్నీ చూసుకోవాల్సిన కో-డైరెక్టరుగారు ఫోన్ ఎత్తలేదు. ఇన్నేళ్ల సర్వీసులో ఆయన ఒక్క కాల్‌షీటు కూడా తప్పలేదని యూనిట్లో చెప్పుకుంటారు. ఆ ఉదయం మాత్రం లుంగీ మీదే, కాళ్లకు చెప్పులైనా లేకుండా, దైవసన్నిధానం గుడి దగ్గర నుంచి రామానాయుడు స్టూడియో దాకా "లడ్డూ... ఒరే లడ్డూ..." అని అరుచుకుంటూ తిరుగుతున్నారు.

లడ్డూ బీగిల్ జాతి మగకుక్క. తెలుపు, నలుపు, గోధుమ రంగుల ఒళ్లు. వేలాడే చెవులు. ఎడమ చెవి అంచున పాత గాయం తాలూకు చిన్న కోత. ఇంగ్లండులో కుందేళ్ల వేట కోసం తయారు చేసిన జాతి ఇది. మనిషిని నమ్మడం తప్ప అనుమానించడం దీనికి రాదు. మందుల పరీక్షలకు ప్రయోగశాలలు ఎక్కువగా బీగిళ్లనే వాడడానికి కారణం కూడా ఆ సాధు స్వభావమే. అంత తేలిగ్గా కరవదు. కుక్కల దొంగకు ఇంతకన్నా కావలసిందేముంది?

ఆ ఇంట్లో లడ్డూ ఎంత ముఖ్యమో ఎదురు ఫ్లాటులో ఉండే మాకు బాగా తెలుసు. మేం అన్నగారని పిలుచుకునే ఆ కో-డైరెక్టరుగారు అర్ధరాత్రి దాటాక ప్యాకప్ చెప్పి వచ్చినా, లిఫ్టు ఆగకముందే తలుపు లోపలి నుంచి గోకుడు వినిపించేది. ఈ వృత్తిలో పని లేని నెలలు చాలా ఉంటాయి. అలాంటి నెలల్లో ఆయన మంచం దిగేవారు కాదు. ఆయన్ని తెల్లారేసరికి లేపి, కేబీఆర్ పార్కు బయటి ఫుట్‌పాత్ మీద నడిపించి, మళ్లీ మనిషిని చేసింది లడ్డూయేనని వదిన అనేవారు. ఇంటర్ చదివే అమ్మాయి పుస్తకం తెరిస్తే దాని తల ఆమె పాదాల మీద ఉండాల్సిందే.

దానికి సినిమా పిచ్చి ఉందని అన్నగారు చెప్పుకుని మురిసిపోయేవారు. టీవీలో ఏ తల్లి పాత్రో "చిన్నా" అని పిలిస్తే చాలు, ఏ గదిలో ఉన్నా పరుగెత్తుకొచ్చి తెర ముందు నిలబడేది. చెవులు రిక్కించి, తోక ఆడించి, తెర వెనక్కి వెళ్లి వెతికేది. "మావాడికి మదర్ సెంటిమెంటంటే ప్రాణం" అని ఇంటికొచ్చిన వాళ్లందరికీ ఆ ముచ్చట చూపించేవారు. ఒకసారి డబ్బింగ్ థియేటర్‌కు తీసుకెళ్తే, ఆర్టిస్టు ఆ మాట అన్నప్పుడల్లా మొరిగి టేకులన్నీ పాడుచేసిందట. యూనిట్ అంతా పడీపడీ నవ్విందని వచ్చి చెప్పారు.

అపార్టుమెంటు సీసీ కెమెరాలో దొంగతనం స్పష్టంగా దొరికింది. తెల్లవారుజామున వాచ్‌మన్ పాల ప్యాకెట్ల కోసం గేటు తీసి వెళ్లాడు. లడ్డూ అలవాటుగా మెట్లు దిగి గేటు బయటికొచ్చింది. హెల్మెట్ పెట్టుకున్న ఒకడు బైకు ఆపి, గొంతుక్కూచుని చెయ్యి చాచాడు. లడ్డూ ఆ చెయ్యి వాసన చూసింది. తోక ఊపింది. వాడు దాన్ని ఎత్తి పెద్ద సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు. అంతా నిమిషం లోపే అయిపోయింది. ఒక్క అరుపు లేదు.

"అరవలేదేంటే?" అని అన్నగారు ఆ క్లిప్పును మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పి చూశారు.

"బీగిల్ కదండీ, ఎవరు పిలిచినా పోతుంది" అన్నారు వదిన, కళ్లు తుడుచుకుంటూ.

స్టేషన్‌లో ఎస్సై ఓపికగా విన్నాడు. ఫొటో చూశాడు, క్లిప్ చూశాడు. తర్వాత అడిగాడు:

"దీని విలువ ఎంత సార్?"

అన్నగారి మొహం ఎర్రబడింది. "మా ఇంట్లో మనిషయ్యా అది. మనిషికి విలువ కడతారా?"

"నాకు తెలుసు సార్. మా ఇంట్ల కూడా ఉంది కుక్క. కానీ చట్టం అడుగుతది, నేను గాదు."

అతను చెప్పింది నిజమే. చట్టం దృష్టిలో పెంపుడు కుక్క చరాస్తి. కుర్చీ, సైకిలు, సెల్‌ఫోను ఏ లెక్కలోకి వస్తాయో ఇదీ అదే లెక్కలోకి వస్తుంది. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో దొంగతనం 303వ సెక్షన్. పోయిన సొత్తు విలువ 5 వేల రూపాయలకు తక్కువైతే, పోలీసు తనంతట తాను కేసు కట్టి దర్యాప్తు మొదలుపెట్టడానికి లేదు, మేజిస్ట్రేటు అనుమతి కావాలి. దొంగ మొదటిసారి దొరికినవాడై, సొత్తో దాని విలువో తిరిగి ఇచ్చేస్తే అతనికి పడే శిక్ష సమాజ సేవ. వీధిలోంచి తెచ్చి పెంచుకున్న కుక్క పోతే ఆ ఇంటివాళ్లు ఏ ధర చెప్పాలి? పాత ఐపీసీలోనూ ఇదే తంతు. 428వ సెక్షన్ కింద కుక్కను చంపినవాడి మీద కేసు పెట్టాలంటే, దాని విలువ కనీసం 10 రూపాయలు ఉండాల్సి వచ్చేది. హాని విషయంలో ఆ ధరల గీతను కొత్త చట్టం 325వ సెక్షన్‌లో తీసేసింది. దొంగతనం విషయంలో మాత్రం గీత అలాగే ఉంది.

"ఎంతకు కొన్నారో చెప్పండి సార్, అదే రాస్త."

"పన్నెండు వేలు" అన్నారు అన్నగారు.

ఎస్సై రాసుకున్నాడు. ఎఫ్‌ఐఆర్ అయింది.

ఆ సాయంత్రానికే 24 క్రాఫ్ట్స్ కదిలాయి. పరిశ్రమలో వాళ్లలో వాళ్లకు ఎన్ని తగాదాలున్నా, ఒకరి ఇంట్లో కష్టం వస్తే అందరూ వస్తారు. పెద్ద హీరోల ఫస్ట్‌లుక్‌లు చేసే పబ్లిసిటీ డిజైనర్ పైసా తీసుకోకుండా పోస్టరు చేసిచ్చాడు. లైట్‌మెన్, మేకప్ అసిస్టెంట్లు, యూనిట్ బస్సుల డ్రైవర్లు తమ వాట్సాప్ గ్రూపుల్లో దాన్ని పంపారు. లడ్డూ ఫొటో కింద ఎర్ర అక్షరాల్లో అన్నగారు రాయించిన మాట ఇది: "తెచ్చి ఇచ్చినవారికి 50 వేల రూపాయలు. ఎక్కడిదని ఏమీ అడగం."

ఆ చివరి వాక్యం తీసేయమని నేను గట్టిగా చెప్పాను. 2021 ఫిబ్రవరిలో హాలీవుడ్‌లో జరిగిన సంగతి గుర్తుచేశాను. గాయని లేడీ గాగా ఫ్రెంచ్ బుల్‌డాగులు రెండింటిని, వాటిని నడిపిస్తున్న వ్యక్తిని తుపాకీతో కాల్చి మరీ ఎత్తుకెళ్లారు. ఏమీ అడగకుండా 5 లక్షల డాలర్లు ఇస్తామని ఆమె తరఫున ప్రకటించారు. రెండు రోజులకు ఒక మహిళ, కుక్కలు తనకు దొరికాయంటూ తెచ్చి అప్పగించింది. తీరా చూస్తే ఆమెకు నిందితుల్లో ఒకరితో సంబంధం ఉందని పోలీసులు తేల్చారు. దొంగసొత్తు దగ్గర పెట్టుకున్న కేసులో ఆమెకు శిక్ష పడింది. అయినా మాట ప్రకారం బహుమతి ఇవ్వాల్సిందేనని ఆమె లేడీ గాగా మీద దావా వేసింది. 2023లో జడ్జి దాన్ని కొట్టేశారు. తుపాకీ పేల్చినవాడికి 2022 డిసెంబరులో 21 ఏళ్ల జైలు పడింది. ఏమీ అడగం అన్న మాట ఆ నేరంలో చెయ్యి ఉన్నవాళ్లకే ధైర్యం ఇచ్చింది.

"నాకు న్యాయం వద్దు తమ్ముడూ, నా లడ్డూ కావాలి. అడగను, నిజంగానే ఏమీ అడగను" అన్నారు అన్నగారు. వాక్యం అలాగే ఉండిపోయింది.

పోస్టర్లు అంటించడానికి ఆయన వెంట నేనూ, ఆయన దగ్గర అసిస్టెంటుగా చేసే కుర్రాడూ వెళ్లాం. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్, పెద్దమ్మ గుడి దారి, 36వ నంబరు రోడ్డు, ఫిల్మ్‌చాంబర్ పరిసరాలు, అపోలో ఆసుపత్రి దగ్గరి టీ కొట్లు... అక్కణ్ణుంచి కృష్ణానగర్. తెల్లారితే వేషాల కోసం జూనియర్ ఆర్టిస్టులు గుంపులుగా నిలబడే చోటది. ఊరందరి కళ్లూ అక్కడే ఉంటాయి.

అక్కడ ఒక టీ కొట్టు పక్క కరెంటు స్తంభానికి అంతకుముందే ఒక కాగితం ఉంది. వానకు తడిసి, ఎండకు వెలిసి, బొమ్మ ఆనవాలు కూడా మిగల్లేదు. "దయచేసి" అన్న మాట, కింద పొడుగాటి నంబరు ఒకటి కనిపిస్తున్నాయి.

"ఇదేం ఫోన్ నంబరన్నా, ఇన్ని అంకెలున్నయి? తప్పు రాసినట్టుంది" అన్నాడు కుర్రాడు, వేలు పెట్టి లెక్కపెడుతూ. "పదిహేనున్నయి."

"పాతది పీకేసి మనది అంటించు. టైమ్ లేదు" అన్నారు అన్నగారు.

కుర్రాడు గోళ్లతో గీకేశాడు. ఆ చోటులో లడ్డూ బొమ్మ అంటుకుంది.

తర్వాత రోజులన్నీ వెతుకులాటే. ముర్గీచౌక్‌లో కోళ్ల బుట్టలు, పావురాల పంజరాల మధ్య నడిచి ప్రతి కుక్కపిల్లల దుకాణంలోకీ తొంగిచూశారు. జూబ్లీహిల్స్‌లో నటి అమల గారు 1992లో మొదలుపెట్టిన బ్లూక్రాస్ దగ్గర వివరాలు ఇచ్చి వచ్చారు. చెత్త బండ్ల వాళ్లకు, పేపరు కుర్రాళ్లకు ఫొటోలు పంచారు. ఫోన్లు వస్తూనే ఉన్నాయి. ఒకడు కుక్క తన దగ్గరే ఉందని, ముందుగా పెట్రోలుకు రెండు వేలు పంపమని క్యూఆర్ కోడ్ పంపాడు. ఇంకొకడు కుక్క ఏడుపు వినిపిస్తానని ఏదో రికార్డింగు వినిపించాడు. వదిన ఆ గొంతు విని, మాది కాదని ఫోన్ పెట్టేసి గంటసేపు ఏడ్చారు.

షూటింగులకు జంతువులను సప్లయ్ చేసే వాళ్లందరి దగ్గరికీ అన్నగారు స్వయంగా వెళ్లారు. వాళ్లంతా ఆయనకు పరిచయమే. సినిమాలో కుక్క ఒక్క షాట్‌లో కనిపించాలన్నా భారత జంతు సంక్షేమ బోర్డు అనుమతి కావాలి. జంతువు జాతి, వయసు, ఆరోగ్యం, దానితో చేయించే పని, ఎంతసేపు చేయిస్తారు అన్నీ ముందుగా రాసివ్వాలి. పశువైద్యుడి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ జతచేయాలి. బోర్డు కాగితం లేకపోతే సెన్సారు దగ్గర సినిమా ఆగుతుంది. ఆ ఫైలు తయారు చేయడం కో-డైరెక్టరు చూసుకునే పనుల్లో ఒకటి. అందులో అన్నగారంత పక్కాగా ఉండేవాళ్లు లేరని సప్లయర్లే అంటారు. ఒక్క టీకా తేదీ సరిపోకపోయినా బండి గేటు లోపలికి రానిచ్చేవారు కాదట. వాళ్లెవరి దగ్గరా లడ్డూ లేదు. "మీ కుక్క చిప్ నంబరు ఉంటే ఇవ్వండి సార్, డాక్టర్ల దగ్గర పెడతాం" అని ఒక సప్లయర్ అడిగాడు. "చిప్ ఎక్కడిదయ్యా దానికి!" అన్నారు అన్నగారు.

అమ్మాయి సరిగా అన్నం తినడం మానేసింది. అన్నగారు లొకేషన్‌కు వెళ్తున్నారు, పని చేస్తున్నారు, కానీ మైకులో ఆయన గొంతు వినిపించడం లేదని యూనిట్ వాళ్లు చెప్పారు.

చివరికి ఫోన్ స్టేషన్ నుంచి వచ్చింది. రోడ్ల మీది కెమెరాల్లో బైకును ఒక కూడలి నుంచి ఇంకో కూడలికి పట్టుకుంటూ పోయి, నగర శివార్లలో ఒక రేకుల షెడ్డు దాకా చేరారు. లోపల ఇనుప బోనుల్లో లాబ్రడార్లు, పొమరేనియన్లు, పగ్‌లు. 2003లో హచ్ ఫోన్ల ప్రకటనలో ఒక పగ్ చిన్న పిల్లాడి వెంట నడిచాక ఆ జాతికి ఊరూరా గిరాకీ పుట్టిన సంగతి మనకు తెలుసు. గిరాకీ ఉన్న ప్రతి జాతీ ఆ షెడ్డులో ఉంది. మూల బోనులో లడ్డూ ఉంది.

మేమందరం స్టేషన్‌కు పరుగెత్తాం. వరండాలో కట్టేసి ఉన్న లడ్డూ అమ్మాయిని చూడగానే గొలుసు తెగేలా గుంజింది. అమ్మాయి నేల మీద కూలబడి దాన్ని కావలించుకుంది. కానిస్టేబుళ్లు కూడా పని ఆపి చూశారు.

లోపల గోడకు ఆనుకుని నిలబడ్డ దొంగను చూసి అన్నగారు ఆగిపోయారు.

"నువ్వా?"

అతన్ని ఆయన ఎరుగుదురు. రెండేళ్ల కిందట లడ్డూను ఆయనకు అమ్మింది అతనే. తెలిసిన కుటుంబం అమెరికా వెళ్లిపోతోందని, వీసా వచ్చేసిందని, మంచి ఇల్లు దొరికితే చాలని తక్కువ ధరకే ఇచ్చేస్తున్నారని చెప్పి ఇంటికి తెచ్చి మరీ ఇచ్చాడు. అప్పటికే లడ్డూ ఎదిగిన కుక్క. ఆ తెల్లవారుజామున అది అరవకపోవడానికి కారణం అప్పుడు అర్థమైంది. ఆ చేతి వాసన దానికి పాతదే.

"సరే సార్, దొంగ దొరికిండు, సొత్తు దొరికింది. కోర్టుకు చూపించి మీకు అప్పగించాలె. ఇది మీదే అని ఒక కాగితం ఇయ్యండి" అన్నాడు ఎస్సై. "కొన్న రసీదు? కెన్నెల్ క్లబ్ సర్టిఫికెట్? జీహెచ్‌ఎంసీ లైసెన్సు?"

అన్నగారు ఫోన్‌లో ఫొటోలు చూపించారు. వందల ఫొటోలున్నాయి. రసీదు లేదు. లైసెన్సు లేదు. టీకాల కార్డు ఉంది గానీ, అది ఆయన కొన్నాక మొదలైంది.

ఎస్సై దగ్గరలోని పెట్ క్లినిక్ డాక్టరును పిలిపించాడు, కుక్క ఆరోగ్యం ఎలా ఉందో రాసివ్వడానికి. ఆయన లడ్డూ కళ్లు, పళ్లు చూసి, అలవాటుగా సంచిలోంచి స్కానరు తీసి దాని భుజాల మధ్య ఆనించాడు. స్కానరు కూత వేసింది.

"దీనికి చిప్ ఉందే!" అన్నాడు డాక్టరు.

మైక్రోచిప్ బియ్యపు గింజంత ఉంటుంది. సూదితో చర్మం కింద పెడతారు. బ్యాటరీ ఉండదు. కుక్క ఎక్కడుందో చెప్పదు. స్కానరు ఆనిస్తే ఒక నంబరు మాత్రం చెబుతుంది. ఆ నంబరు ప్రపంచంలో ఇంకే జంతువుకూ ఉండదు. మెడపట్టీ తీసి పారేయొచ్చు, పేరు మార్చేయొచ్చు. దీన్ని మాత్రం దొంగ అంత సులువుగా తీయలేడు. జాతికుక్కను కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియాలో నమోదు చేయించాలంటే ఇది తప్పనిసరి. సర్టిఫికెట్ మీద ఆ నంబరు ఉంటుంది.

డాక్టరు అంకెలు ఒక్కొక్కటే చదువుతుంటే ఎస్సై రాసుకున్నాడు. అసిస్టెంటు కుర్రాడు వేళ్ల మీద లెక్కపెడుతున్నాడు. పదిహేను. వాడు తలెత్తి అన్నగారి వైపు చూశాడు.

డాక్టరు ఫోన్‌లో పశువైద్యుల గ్రూపు తెరిచి ఆ నంబరు కొట్టి వెతికాడు. దొరికింది. "ఈ నంబరు నా క్లినిక్‌లో నోటీసు బోర్డు మీద కూడా ఉంది సార్. ఒక రిటైర్డ్ టీచరుగారు ఊళ్లో ప్రతి క్లినిక్‌కూ తిరిగి ఇచ్చి వెళ్లారు. ఏ బీగిల్ వచ్చినా ఒక్కసారి చూడమని దణ్ణం పెట్టారు. రెండేళ్లవుతోంది."

మల్కాజిగిరి నుంచి ఆవిడ ఆటోలో వచ్చారు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో కెన్నెల్ క్లబ్ సర్టిఫికెట్, రసీదు, అప్పట్లో అక్కడి స్టేషన్‌లో ఇచ్చిన ఫిర్యాదు నకలు. పిల్లలు దూరాన ఉన్నారు. భర్త పోయే ముందు తెచ్చిన కుక్క. ఆయన పోయిన ఏడాదికి ఇంటి ముందే దాన్ని ఎత్తుకెళ్లారు.

ఆవిడ వరండా మెట్టెక్కలేదు. కిందే నిలబడి పిలిచారు:

"చిన్నా!"

అమ్మాయి చేతుల్లోంచి లడ్డూ విడిపించుకుని పోయింది. ఆవిడ చీర కుచ్చిళ్లలో మొహం పెట్టి, నేల మీద దొర్లి, మూలిగింది. రెండేళ్లు టీవీ తెర వెనక అది వెతికింది ఈ గొంతు కోసమే.

ఎవరూ మాట్లాడలేదు. ఆవిడే అన్నారు: "కృష్ణానగర్ దాకా వచ్చి అంటించాను బాబూ, టీ కొట్టు పక్క స్తంభానికి కూడా. సినిమావాళ్లు కుక్కల్ని బాగా పెంచుతారు కదా, ఎవరైనా చూస్తారని. వెలిసిపోయినప్పుడల్లా వచ్చి కొత్తది అంటిస్తూనే ఉన్నాను. వీడొస్తే తోసుకుని రావాలని ఈ రెండేళ్లూ గేటుకు తాళం కూడా వెయ్యలేదు."

అన్నగారు కుర్చీలో కూర్చుండిపోయారు. కోర్టు ఉత్తర్వు వచ్చాక కుక్క ఆవిడతోనే వెళ్లింది. అమ్మాయి గేటు దాకా వెళ్లి సాగనంపింది.

మేం స్టేషన్ నుంచి వెళ్లే ముందు ఎస్సై అన్నగారిని పక్కకు పిలిచాడు. "బాధపడకండి సార్, కానీ చెప్పాలె. కెన్నెల్ క్లబ్ కాగితాలున్న బీగిల్‌ను, ఎదిగిన దాన్ని, రసీదు లేకుండా పన్నెండు వేలకు కొన్నారు. ఆ ధర మీరే రాయించిన్రు. దొంగసొత్తని తెలిసో, అనుమానించాల్సిన కారణం ఉండో కొంటే 317వ సెక్షన్. మూడేళ్ల దాకా శిక్ష ఉంది. మీకు తెల్వదని నేను నమ్ముతున్న. ఇంకొక ఆఫీసర్ నమ్మకపోవచ్చు." తర్వాత దొంగ ఇచ్చిన వాంగ్మూలం కాగితం చేతికిచ్చాడు.

అందులో ఇలా ఉంది: మల్కాజిగిరిలో ఎత్తుకొచ్చిన కుక్కను ఫిల్మ్‌నగర్‌లో ఈ సార్‌కు అమ్మాను. ఎక్కడిదని ఆయన ఏమీ అడగలేదు.

మళ్లీ ఆ ఇంటికే ఎందుకు వెళ్లావన్న ప్రశ్నకు అతను చెప్పిన జవాబు కిందనే ఉంది: "కాగితాల్లేకుండ కొన్నోడు కంప్లైంట్ ఇయ్యడు సార్. ఇచ్చినా తనదని చూపించలేడు. అసొంటి ఇండ్లే చూసి పెట్టుకుంట."

ఆ జవాబే ఈ వ్యాపారం మొత్తం. దొంగిలించిన కుక్కకు కొనేవాడు ఉన్నాడు కాబట్టే ఎక్కడో ఒక వరండాలోంచి కుక్క మాయమవుతుంది. కొనేవాడు చెడ్డవాడు కానక్కరలేదు. అన్నగారు ఆ కుక్కను ప్రాణంగా చూసుకున్నారు, అందులో రవ్వంత అబద్ధం లేదు. ఒక్క ప్రశ్న అడగకుండా కొన్నారు, అంతే. ఆ అడగని ప్రశ్న ఒక ముసలావిడ రెండేళ్లను తినేసింది.

2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం కుక్కలను పెంచి అమ్మేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు కావాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. ఇవన్నీ మనం కొనేటప్పుడు అడగడానికే ఉన్నాయి. జాతికుక్కే కావాలంటే అమ్మేవాడి రిజిస్ట్రేషన్ చూడండి, రసీదు తీసుకోండి. ఎదిగిన కుక్కను ఎవరైనా తక్కువకు ఇస్తామంటే డబ్బు చేతిలో పెట్టకముందే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లి స్కానరు ఆనించమనండి. కాసేపటి పని. మీ ఇంట్లో ఇప్పటికే ఉన్న కుక్కకు చిప్ పెట్టించి, ఆ నంబరు మీ పేరుతో నమోదు చేయించండి, అది వీధిలోంచి వచ్చినదైనా సరే. కాగితాల్లేకుండా తెచ్చుకున్నది ఏదైనా మీ ఇంట్లో ఉంటే, దాన్ని రేపే ఒకసారి స్కాన్ చేయించండి. దాని కోసం ఎవరో ఇంకా వెతుకుతూ ఉండవచ్చు.